వంటింట్లోకి వినపడని పాట

"మోగని పెట్టెని రోజూ అంత ఇదిగా తుడుస్తావెందుకు వదినా? నాకిచ్చెయ్. ఖమ్మంలో కొత్తింటికి షోకేసు చేయించాను. అద్దాల వెనక పెడితే వచ్చినవాళ్ళు చూసి ముచ్చటపడతారు."

మరిది జయప్రకాశ్ ఈ మాట అన్నప్పుడు నిర్మల చేతిలో గుడ్డ ఉంది. రికార్డ్ ప్లేయర్ చెక్కపెట్టె మీద ఆ గుడ్డ అలాగే ఆగిపోయింది. ఆ ఇంట్లో అలాంటి మాటలకు జవాబు చెప్పేది ఆమె భర్త వెంకటరామారావు. ఆయన పేపరు మడుస్తూ, "శ్రీరామనవమికి వస్తావుగా, అప్పుడు కార్లో వేసుకుపో. ఈలోపు అదేమన్నా లేచి పాడుతుందా ఏంటి" అన్నాడు. అన్నదమ్ములిద్దరూ నవ్వుకున్నారు. నిర్మల గుడ్డ దులుపుకుని కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళింది.

ఆ పెట్టె ఆమె మామగారిది. కృష్ణా జిల్లా నుంచి భూములు అమ్ముకుని భద్రాచలానికి ఇవతలి ఒడ్డున, బూర్గంపాడు దగ్గర పొలాలు కొనుక్కుని వచ్చినప్పుడు, లారీలో అందరూ గిన్నెలూ మంచాలూ వేసుకుంటే ఆయన ఆ పెట్టెను ఒళ్ళో పెట్టుకుని వచ్చారట. సాయంత్రం పొలం నుంచి రాగానే కాళ్ళు కడుక్కుని హాల్లో రికార్డు పెట్టేవారు. వీధి చివరి దాకా వినపడాలి ఆయనకు. దారిన పోయేవాళ్ళు ఆగితే "రండి, కూర్చోండి" అనేవారు. వాళ్ళు కూర్చుంటే లోపలికి కేక వచ్చేది, "అమ్మాయ్, టీ!" అని.

నిర్మల ఈ ఇంటికి వచ్చి పాతికేళ్ళు దాటింది. ఇన్నేళ్ళూ ఆ పాటలు విన్నది, కానీ గోడ ఇవతల నుంచి విన్నది. పల్లవి పోపులో కలిసిపోయేది. చరణం దగ్గరికి వచ్చేసరికి కుక్కర్ కూతేసేది. పాట మంచి పట్టులో ఉందనగా టీ పట్టుకుని హాల్లోకి వెళ్తే, ఆ నాలుగడుగుల మేర గొంతు దగ్గరయ్యేది. గ్లాసులు అందించి మళ్ళీ నాలుగడుగులు వెనక్కి వచ్చేసరికి దూరమయ్యేది. కొత్తల్లో ఒకసారి గుమ్మం దగ్గర నిలబడిపోయింది. భర్త చూసి, "వింటూ పని చేసుకోవచ్చుగా, చెవులు ఖాళీయేగా" అన్నాడు. ఆయన కసిరి అనలేదు, నవ్వుతూనే అన్నాడు. అందుకే ఆ మాట ఇన్నేళ్ళు నిలిచిపోయింది. తిట్టిన మాటకు ఏడ్చి మర్చిపోవచ్చు. నవ్వుతూ అన్న మాటను ఎక్కడ పారెయ్యాలో తెలియదు. చేతులు, కాళ్ళు, కళ్ళు అన్నీ ఇంటికి ఇచ్చేశాక చెవులొక్కటే తనకు మిగిలాయేమో, పోనీ అవన్నా మిగిలాయిగా అనుకుని ఆమె పనిలో పడిపోయేది. ఏ పాటకైనా ఆమెకు ముక్కలే తెలుసు. ఒక్క పాట, మొదటి నుంచి చివరి దాకా, కూర్చుని వినాలని ఉండేది. ఇది పైకి చెప్పుకునేంత పెద్ద కోరిక కాదు. అంత చిన్నదాన్ని ఎవరినైనా అడగడానికి కూడా సిగ్గే.

మామగారు కిందటేడు వర్షాకాలంలో పోయారు. ఆ దసరా సాయంత్రం వెంకటరామారావు నాన్న గుర్తొచ్చి రికార్డు పెడితే, పాట బదులు గరగరమని ఒకటే శబ్దం. రెండుసార్లు తీసిపెట్టాడు, అదే గరగర. "దీన్నెవరు ముట్టుకున్నారు?" అన్నాడు. ఇంట్లో అందరూ నిర్మల వైపు చూశారు. రోజూ దులిపేది ఆమే కదా. అత్తగారు రత్తమ్మ తల దించుకుని పూలు గుచ్చుతోంది. "గుడ్డ తగిలిందేమోనండీ" అని నిర్మలే ఒప్పుకుంది. తగిలిందో లేదో ఆమెకు తెలియదు. కానీ ఏదన్నా పాడైతే అది తన చేతిలోనే అయి ఉంటుందని నమ్మడం ఆమెకు అలవాటు. అప్పటి నుంచి దాన్ని తుడిచేటప్పుడు దెబ్బ తగిలిన పిల్లని తడిమినట్టు తడిమేది.

అలాంటిదాన్ని నవమికి కార్లో వేసుకుపోతారు. అద్దాల వెనక పెడతారు. ఇక పాడదు.

అత్తగారి కొత్త కళ్ళజోడు తేవడానికి ఎవరో ఒకరు ఖమ్మం వెళ్ళాలి. "నేను వెళ్ళొస్తానండీ" అంది నిర్మల. "వెళ్ళు, వస్తూ మందుల షాపులో నా బీపీ మాత్రలు కూడా" అన్నాడు వెంకటరామారావు. రికార్డు మీద వాలే ప్లేయర్ చేతి చివర ఉండే తల, అంటే సూది ఉండే భాగం, తిప్పితే ఊడొస్తుంది. మామగారు సూది మార్పించడానికి దాన్ని జేబులో వేసుకెళ్ళడం ఆమె చూసింది. దాన్ని దూదిలో చుట్టి టిఫిన్ డబ్బాలో పెట్టుకుంది. ఒక రికార్డును రెండు అట్టల మధ్య పెట్టి, పాత చీర చుట్టి, బుట్టలో నిలబెట్టింది. బస్సులో పక్కన కూర్చున్న ముసలమ్మ ఇప్పపువ్వు మూట దాని మీద ఆనించబోతే, "అమ్మమ్మా, అద్దం ఉంది" అని అబద్ధమాడింది. రాములవారి మీద పాడిన పాటలే కదా లోపలున్నవి, ఆయన క్షమిస్తాడులే అనుకుంది.

మామగారు వెళ్ళే షాపు రామ్‌చందర్‌ది. ఖమ్మంలో అందరూ కంప్యూటర్లూ సెల్‌ఫోన్లూ పెట్టుకుంటుంటే అతనింకా రేడియోలు విప్పుకుని కూర్చుంటాడు. నిర్మల డబ్బా తెరిచి దూది విప్పింది. అతను భూతద్దం పెట్టి చూసి ఒక్కసారి పకపకా నవ్వాడు.

"ఏందమ్మా గిది, సూదికి బొట్టు వెట్టిన్రు?"

"బొట్టా?"

"చూడుర్రి. గంధం, మీద కుంకుమ. ఎండి గట్టిపడ్డది. దసరాకు ఆయుధపూజ చేసిన్రా? ట్రాక్టర్‌కు పెట్టుర్రి, మోటర్‌కు పెట్టుర్రి. దీని మూతికే పెడితే ఎట్ల పాడుతది?" అని, ఆమె ముఖం చూసి గొంతు తగ్గించాడు. "పర్వాలేదు తియ్యమ్మా. మా అమ్మ నా టీవీ టెస్టర్‌కు నిమ్మకాయ కట్టింది."

ఇంట్లో ఆయుధపూజ నాడు బొట్లు పెట్టేది అత్తగారొక్కరే. నిర్మల ఆ కుంకుమ వంక చూస్తూ కూర్చుంది. ముందు తేలికైంది మనసు. నేను కాదు. నా గుడ్డ కాదు. తర్వాత మెల్లిగా మంట లేచింది. ఆవిడకు తెలుసన్నమాట. నన్నందరూ చూస్తున్నప్పుడు ఆ పూలు గుచ్చుకుంటూ కూర్చున్నది ఇందుకన్నమాట.

"సూది, దాన్ని పట్టుకున్న గీ డబ్బీ రెండూ పోయినయ్" అన్నాడు రామ్‌చందర్. "గీ డబ్బీనే కార్ట్రిడ్జ్ అంటరు. సూది అదిరితే దాన్ని పాట చేసేది గిదే. కొత్తది వెయ్యాలె. సార్ రాలేదా?"

"లేదు."

"ఒకసారి సార్‌కు ఫోన్ కొట్టుర్రి మేడం. ఏది వెయ్యాల్నో సార్ చెప్తే మంచిగుంటది. మల్ల నాకు మాట రావద్దు."

"వినేది నేను" అంది నిర్మల. అనేశాక ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని ఆమెకే అనుమానం వచ్చింది. రామ్‌చందర్ మాత్రం ఫోన్ పక్కకు జరిపి డ్రాయర్ లాగాడు.

ఒకటి విదేశీది. దాని ధర విని ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. ఇంక మిగిలినవి రెండు. చీరలకు ఫాల్స్ కుట్టి దాచుకున్న డబ్బులో ఆ రెండింట్లో ఏదన్నా వస్తుంది.

"ఇది సిరామిక్. మీ దాంట్ల మొదటిసంది ఉన్నది గీ రకమే. చవక. సౌండ్ దంచుతది. కాకపోతే బరువు బాగా మోపాలె, రికార్డు జల్ది అరుగుతది. ఇగ ఇది మాగ్నెటిక్. డబ్బీ పాతదే, ఎవరో ప్లేయర్ అమ్మేసిన్రు, దాంట్లది. సూది మాత్రం కొత్తది, హైదరాబాద్ నుంచి తెప్పించిన. గుండ్రటి మొన. అరిగిన రికార్డులకు గిదే మంచిగ. మెల్లగ ఆనుతది, గాడిని కొయ్యది. కానీ సన్నగ పలుకుతది. దీనికి సౌండ్ పెంచే ఇంకో చిన్న పెట్టె తగిలియ్యాలె, గది నేనే కట్టిస్త. అయినా మీ పాత మిషన్‌కు ఇంతకంటె సౌండ్ రాదు."

"రెండూ వినిపిస్తారా?"

అతను తన ప్లేయర్ మీద ఆమె రికార్డే పెట్టాడు. రాముడి మీద కీర్తనలు. లేబులు అరిగిపోయి పాడినావిడ పేరు కూడా పోయింది. మొదటి డబ్బీతో గొంతు ఫెళ్ళున వచ్చింది. ఎదురు కిరాణా షాపతను తిరిగి చూశాడు. నిర్మలకు అది బాగా తెలిసిన గొంతు. ఏళ్ళ తరబడి గోడ దాటుకుని వచ్చిన గొంతే. విన్న మరుక్షణం చేతులు దేనికోసమో వెతుక్కున్నాయి, గరిటె కోసమో, గ్లాసు కోసమో.

రెండోది తగిలించడానికి కాస్త సమయం పట్టింది. పెట్టాక, ముందు ఏమీ వినపడలేదు. ఆమె స్టూలు ముందుకు జరుపుకుంది. అప్పుడు వినపడింది. పల్లవి ఎత్తుకునే ముందు ఆ పాడినావిడ ఊపిరి తీసుకుంది. చిన్నగా, పెదవుల మీదుగా. ఆ తర్వాతే పాట మొదలైంది.

ఇన్నేళ్ళలో ఆ పాడేదొక మనిషి అని నిర్మలకు తోచనే లేదు. పాట అంటే హాల్లోంచి వచ్చేదొక శబ్దం, వానలాగా, రైస్‌మిల్లులాగా. ఆవిడకు ఊపిరి ఉంది. ఆవిడ కూడా ఎక్కడో కూర్చుని, ఇంట్లో పొయ్యి మీద ఏం పెట్టి వచ్చిందో, ఎవరికి చెప్పి వచ్చిందో, గుండెల నిండా గాలి పీల్చుకుని పాడింది.

"ముందే చెప్తున్న మేడం" అన్నాడు రామ్‌చందర్, సూది ఎత్తుతూ. "గిది వంటింట్లకు వినరాదు. మీరు పని చేసుకుంట వింటమంటే మొదటిదే తీస్కోర్రి. దగ్గర కూసుంటేనే గిది."

అది ఆమె అంత ఆలోచించాల్సిన విషయం కాదేమో. అయినా ఆలోచించింది. మొదటిది కొంటే నవమినాడు ఆయనా మరిదీ మెచ్చుకుంటారు, వీధికి వినపడుతుంది, పెట్టె ఇంట్లోనే ఉండిపోతుంది. తను వంటింట్లో ఉండి వినొచ్చు. అంటే అంతా ఎప్పటిలాగే. రెండోది కొంటే వినడానికి ఒకటే దారి. లేచి వచ్చి, హాల్లో, కుర్చీలో, ఏ పనీ చేతిలో లేకుండా కూర్చోవాలి. అందరూ చూస్తుండగా. అలా తను ఎప్పుడన్నా కూర్చుందా? జ్వరం వస్తే పడుకుంది. పూజలో కూర్చుంది, అదీ పీట మీద, నైవేద్యం మాడుతుందేమోనని ఓ కన్ను లోపలే పెట్టి. రేపు సౌండ్ లేదని వాళ్ళు పెట్టెను తీసుకుపోతే? తీసుకుపోవచ్చు. కానీ ఆ ఊపిరి విన్నాక మళ్ళీ వెళ్ళి గోడ ఇవతల నిలబడటం తన వల్ల అవుతుందా?

"స్వామీ, కూర్చోవడం కూడా నిన్నడిగే చెయ్యాలా" అనుకుని, తనలో తనే నవ్వుకుంది.

"రెండోదే ఇవ్వండి" అంది. "వంటింట్లోకి వినపడక్కర్లేదు."

ప్లేయర్ చెయ్యి వెనక ఉండే గుండును తిప్పి బరువు ఎలా సరిచెయ్యాలో రామ్‌చందర్ చూపించాడు. ముందు చెయ్యి తక్కెడ కాడలా గాల్లో సమానంగా నిలవాలి. తర్వాత కొద్దిగా, కొద్దిగానే, ముందుకు వాలాలి. రెండుసార్లు ఆమె చేత చేయించాడు.

ఇంటికి వచ్చాక, భర్త ఎరువుల కొట్టు దగ్గర ఉన్న వేళ చూసుకుని ఆమె రామ్‌చందర్ కట్టిచ్చిన చిన్న పెట్టెను కలిపి, తల తగిలించింది. గుండును తిప్పుతూ ఉండగా రత్తమ్మ కొత్త కళ్ళజోడు సవరించుకుంటూ వచ్చి పక్కన నిలబడింది.

"అత్తయ్యా, సూదికి కుంకుమ ఉందంట" అంది నిర్మల, తల ఎత్తకుండానే.

రత్తమ్మ మంచం అంచున కూర్చుంది.

"నేనే పెట్టానే. మీ మామయ్య ఉండగా ముట్టుకోనిచ్చేవాడు కాదుగా. ‘నీ చేతులకు నూనె ఉంటుంది, దూరంగా ఉండు’ అనేవాడు. ఆయన పోయాక వచ్చిన మొదటి దసరా కదా అది. అందరూ ట్రాక్టర్ దగ్గరున్నారు. మూత తీశా. ఎంత బాగుందో. మనిషికి పెట్టినట్టు మొహానే పెట్టేశా." ఆవిడ చీర కొంగు వేళ్ళకు చుట్టుకుంది. "వాడు నిన్ను అంటుంటే నోరు రాలేదు తల్లీ. నేను ముట్టుకున్నానంటే పోయిన మీ మామయ్య వింటాడేమోనన్నంత భయం వేసింది."

నిర్మలకు ఖమ్మంలో లేచిన మంట బస్సులో వచ్చేదాకా ఉంది. ఇప్పుడు వెతికితే దొరకలేదు. తనకు గోడ ఇవతల నుంచైనా పాట దొరికింది. ఈవిడ అదే గదిలో, అదే పెట్టె పక్కన, జీవితమంతా చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది. బొట్టు పెట్టడం తప్ప ఇంకోలా తాకడం ఈవిడకు ఎవరు నేర్పారు?

"ఇప్పుడు ముట్టుకోండి" అంది.

రత్తమ్మ వేలు చాచింది, మళ్ళీ ముడుచుకుంది. "వద్దులే, చెయ్యి వణుకుతోంది. స్వామి కల్యాణం నాడు నువ్వే పెట్టు. వింటా."

నవమి వచ్చింది. జయప్రకాశ్ కుటుంబంతో దిగాడు, కారు వెనక సీట్లో పాత దుప్పటి కూడా వేసుకుని. పొద్దున్నే అందరూ స్నానాలు చేసి గోదావరి వంతెన దాటి కల్యాణానికి వెళ్ళారు. ఎక్కడెక్కడి నుంచో రైళ్ళెక్కి జనం వచ్చే ఆ కల్యాణాన్ని, వంతెన ఇవతలే ఉండే నిర్మల చూసింది ఒక్కసారే, పెళ్ళయిన ఏడు. తర్వాత ప్రతి ఏడూ వచ్చేవాళ్ళకు వండిపెట్టడానికి ఇంట్లో ఒకరు ఉండాలిగా. పానకం కలిపింది, వడపప్పు నానబోసింది, పులిహోర, చక్రపొంగలి, గారెలు. టీవీలో మంగళసూత్రం పట్టుకుని చూపిస్తుంటే గారెల పిండి చేత్తోనే దణ్ణం పెట్టుకుంది. సీతమ్మవారిని ఎంత చక్కగా కూర్చోబెట్టారో. ఈ ఒక్క పూటైనా ఆ తల్లిని ఎవరూ లేపరు కదా అనుకుంది.

మధ్యాహ్నం దాటాక అందరూ ఎండకు వాడి వచ్చారు. భోజనాలయ్యాయి. జయప్రకాశ్ చెయ్యి తుడుచుకుంటూ, "వదినా, ఆ దుప్పటి తెస్తాను, పెట్టె సర్దేద్దామా" అన్నాడు.

"మోగుతుంది" అంది నిర్మల.

"ఏంటీ?"

"బాగు చేయించాను."

వెంకటరామారావు ఆశ్చర్యంగా చూశాడు. "ఎప్పుడు? ఎవరు తీసుకెళ్ళారు?"

"నేనే." ఆమె రికార్డు తీసి, మెత్తటి గుడ్డతో ఒకసారి చుట్టూ తుడిచి, ప్లేయర్ చెయ్యి ఎత్తి దాని మీద పెట్టింది. హాల్లో అందరూ చెవులు రిక్కించారు.

"ఏదీ?" అన్నాడు జయప్రకాశ్. "మోగుతోందా? ఇదేంటి వదినా, పక్కింటి ఆవిడ రహస్యం చెప్పినట్టుంది."

"పెద్దగా పెట్టు" అన్నాడు భర్త.

"ఇంతే వస్తుందండీ. దగ్గరికొచ్చి కూర్చుంటే వినపడుతుంది."

"పెద్దగా పలికేది దొరకలేదా?"

"దొరికింది. వద్దన్నాను." ఆమె వెళ్ళి ఫ్యాను కట్టేసింది.

ఎండాకాలం మధ్యాహ్నం ఫ్యాను కట్టేస్తే మగవాళ్ళకు ఎంతసేపు ఓపిక? జయప్రకాశ్ పంచె కొంగుతో విసురుకుంటూ లేచాడు. "నీ పెట్టె నువ్వే ఉంచుకో వదినా. ఇంత సన్నగా మూలిగేది మా హాల్లో పెడితే చుట్టాలు నన్నాడిపోసుకుంటారు. వట్టి బొమ్మలా పెడదామంటే నువ్వేమో దానికి ప్రాణం పోసి కూర్చున్నావ్." అన్నదమ్ములిద్దరూ వరండాలోకి వెళ్ళిపోయారు. పిల్లలు వాళ్ళ వెనకే పోయారు. రత్తమ్మ మాత్రం తన కుర్చీని నేల మీద బరబరా ఈడ్చుకుంటూ పెట్టె దగ్గరికి తెచ్చుకుంది.

నిర్మల కూడా కూర్చుంది. మొదట వీపు కుర్చీకి ఆనలేదు. లేవడానికి సిద్ధంగా ఉన్నట్టు అంచున కూర్చుంది. పల్లవి అయింది. చరణంలోకి వచ్చింది. ఈ చరణం ఉందని ఆమెకు తెలియదు. ఎప్పుడూ ఈ చోట పాలు పొంగేవి కాబోలు. పాడినావిడ ఊపిరి తీసుకుంది. పక్కన రత్తమ్మ కూడా, తెలియకుండానే, ఊపిరి తీసుకుంది.

"నిర్మలా! టీ!" వరండాలోంచి కేక.

మోకాళ్ళు వాటంతట అవే లేవబోయాయి. వాటి మీద రెండు చేతులూ పెట్టి ఆపుకుంది.

"ఈ పక్క అయ్యాక" అంది. ఆ మాట వరండా దాకా పోలేదు. ఇంకోసారి అంది, "రికార్డు ఈ పక్క అయ్యాక ఇస్తానండీ."

వెంకటరామారావు గుమ్మంలోకి వచ్చాడు. కోప్పడదామనుకున్నాడో ఏమో, కానీ లోపల ఆ ఇద్దరాడవాళ్ళు ఒక పెట్టె ముందు కూర్చున్న తీరు చూసి అక్కడే నిలబడ్డాడు. అమ్మ కళ్ళు మూసుకుని ఉంది. కాసేపటికి ఆయన తల కొద్దిగా పక్కకు వాల్చాడు, వినపడుతోందా అన్నట్టు. గుమ్మం దగ్గరికి వినపడదు. లోపలికి ఒక అడుగు వెయ్యాలి. వెయ్యలేదు. చప్పుడు కాకుండా చెప్పులు విడిచి, ప్రహరీ వైపు నుంచి చుట్టూ తిరిగి వంటింట్లోకి వెళ్ళాడు. గిన్నె తగిలిన చప్పుడైంది. తర్వాత స్టవ్ అంటించడానికి లైటర్ నొక్కుతున్న చప్పుడు, మళ్ళీ మళ్ళీ.

"టీపొడి ఎక్కడుందే?"

నిర్మల వీపు మెల్లగా కుర్చీకి ఆనింది. సూది రికార్డు మధ్య దాకా వచ్చి, పాట అయిపోయి, మెత్తగా టిక్ టిక్ అంటోంది.

"అయిపోయిందా?" అంది రత్తమ్మ, కళ్ళు తెరవకుండానే. లేచి వెళ్ళిపోతుందేమోనన్న దిగులు ఉంది ఆ గొంతులో.

"ఇంకో పక్క ఉంది అత్తయ్యా" అంది నిర్మల. లేచి రికార్డు తిరగేసి, అత్తగారి చెయ్యి తీసుకుని ఆ వేళ్ళ మధ్య సూది తలను పెట్టింది. ఆవిడ చెయ్యి వణికింది. నిర్మల వణకనిచ్చింది. రెండు చేతులూ కలిసి సూదిని మెల్లగా దించాయి.